ఇంటి గోడమీది తీగలేని సైరను

సంక్రాంతికి ఇల్లు తాళము వేసి ఊరికి పోవువారి మనస్సు సగము ఆ తాళముమీదనే ఉండును. వెనుకటి రోజులలో పక్కింటివారితో "కాస్త చూస్తూ ఉండండి" అని ఒక మాట చెప్పి బండి ఎక్కెడివారు. పల్లెలో తలారి, పట్టణములో రాత్రి కర్ర చప్పుడు చేయుచు తిరుగు గూర్ఖా ఉండనే ఉండిరి. ఇప్పుడు ఏ వీధిలో చూచినను కొన్ని ఇండ్ల గోడలమీద, సన్‌షేడు క్రింద, ఎఱ్ఱదీపమున్న ఒక ప్లాస్టిక్ పెట్టె కనబడుచున్నది. అదియే వెలుపలి సైరను. దానిని ఎట్లు అమర్చవలెనో, అమర్చిన పిమ్మట దాని ఏర్పాట్లు ఎట్లు సరిచూచుకొనవలెనో చెప్పుట నేటి ప్రసంగ విషయము.

ముందుగా ఒక సంగతి మనస్సున ఉంచుకొనవలెను. సైరను దొంగను పట్టదు, తలుపును బిగించదు. అది కేకవేయును, అంతే. ఆ కేకను వినవలసినవారు పొరుగువారు. వారు దానిని నమ్మి లేచి చూచిననే అది పనిచేసినట్లు లెక్క. ఈ మాట నేను పుస్తకములో చదివి చెప్పుటలేదు.

కొన్ని ఏండ్ల క్రితము మా ఇంటికి ఇట్టి సైరను పెట్టించితిమి. వేసవిలో ఒక అర్ధరాత్రి అది మ్రోగినది. ఇల్లంతయు వెదకితిమి, ఎవ్వరును లేరు. పది దినముల తరువాత మరల మ్రోగినది. మూడవసారి మ్రోగినప్పుడు కారణము తెలిసినది. వసారాలోని కదలిక కనిపెట్టు పరికరముమీద ఒక బల్లి కాపురము పెట్టినది. "రేపు దాని సంగతి చూతము" అని అనుకొంటిమి. ఆ రేపు రాకముందే పండుగ వచ్చినది. మేము మా అత్తవారి ఊరికి పోయితిమి. కనుమ నాటి రాత్రి వెనుక తలుపు పగులగొట్టి ఎవరో లోపలికి వచ్చిరి. సైరను మ్రోగవలసినట్లే మ్రోగినది. మూడు నిమిషములు మ్రోగి, ఏర్పాటు ప్రకారము ఆగినది. వీధిలో ఒక్క దీపము వెలుగలేదు. మా అమ్మగారి కాలపు ఇత్తడి గుండిగలు, వెండి కుంకుమభరిణె పోయినవి. తిరిగివచ్చిన పిమ్మట పక్కింటి మాస్టారు ఎంతో నొచ్చుకొని, "విన్నామండీ. మళ్లీ మీ బల్లే అనుకున్నాం" అన్నారు. ఆయనను ఏమనగలము?

కావున సైరను గోడకు బిగించుట పనిలో సగమే. అనవసరముగా మ్రోగకుండ చూచుకొనుట రెండవ సగము.

తీగలేనిది అన్న మాట రేడియో గల ఇంటివారికి కొత్త కాదు. రేడియోకు మొదట ఉన్న పేరే వైర్‌లెస్. ఇంటిలోపల ఒక కేంద్ర పరికరము ఉండును. తలుపులకు, కిటికీలకు అయస్కాంతపు మీటలు, గదులలో కదలికను కనిపెట్టు పరికరములు ఉండును. వీనిలో ఏదైనను సంచలనము కనిపెట్టిన యెడల రేడియో తరంగముద్వారా కేంద్ర పరికరమునకు తెలుపును. అది వెలుపలి సైరనుకు మరియొక తరంగముద్వారా ఆజ్ఞ ఇచ్చును. సైరను పెట్టెలో ఒక చిన్న రిసీవరు, బ్యాటరీ, దీపము, ధ్వనినిచ్చు బిళ్ల ఉండును. ఈ బిళ్ల పీజో విద్యుత్తు అను ధర్మముపై పనిచేయును. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో ఫ్రాన్సు దేశమున క్యూరీ సోదరులు కనుగొనిరి. విద్యుత్తు ఇచ్చినచో అవి కంపించుట దానికి తిరుగుపక్క. పాత గ్రామఫోను పికప్పులలోని స్ఫటికము చేసినపనియు ఈ కోవలోనిదే. సైరను అను పేరు మాత్రము ఇంకను పాతది. చిల్లులుగల చక్రమునకు గాలిని తగిలించి ధ్వని పుట్టించు యంత్రమునకు 1819లో కన్యార్ ద లా తూర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, గ్రీకు పురాణములలోని గాయనీమణుల పేరు పెట్టెను. అది నీటిలోపల సైతము పాడగలిగినదట. నేటి సైరను పాట వినుటకు ఎవరును ఓడ దిగి రారు గాని, పేరు నిలిచిపోయినది.

పెట్టెను ఎక్కడ పెట్టవలెను? అందరును చేయు పొరపాటు, చూచుటకు అందముగా నున్న చోట గోడకు రంధ్రము వేసి, తరువాత అది పనిచేయునో లేదో చూచుట. వరుస తలక్రిందులు కావలెను. మీడియం వేవు తరంగము పొడవు సుమారు 190 మీటర్లనుండి 570 మీటర్లవరకు ఉండును. అట్టి దీర్ఘతరంగము ఇండ్లను, గుట్టలను చుట్టుకొని పోగలదు. సైరన్లు వాడు తరంగమో, 433 మెగాహెర్ట్జుల దగ్గర 69 సెంటీమీటర్లు, 866 మెగాహెర్ట్జుల దగ్గర 35 సెంటీమీటర్లకంటె కొంచెము తక్కువ. ఇంత పొట్టి తరంగమునకు అడ్డువచ్చిన ప్రతి వస్తువు వెనుకను నీడ పడును. ఇటుక గోడ కొంత బలము తినును. ఇనుప చువ్వల కాంక్రీటు స్లాబు ఇంకను ఎక్కువ తినును. ఇనుప రేకు, బీరువా, కిటికీ గ్రిల్లు, మేడమీది నీళ్ల ట్యాంకు, వీని వెనుక పెట్టిన సైరను ఒకనాడు పలికి మరియొకనాడు పలుకకపోవచ్చును. ట్యాంకు ఖాళీగా నున్నప్పుడు పరీక్షించి బాగున్నదనుకొని, నిండిన తరువాత మోసపోయినవారు కలరు.

కావున పెట్టెను మొదట కేంద్ర పరికరమునకు పరిచయము చేయవలెను. ఈ పని నేలమీద, బల్లపైన కూర్చుండి చేయదగినది, నిచ్చెనమీద కాదు. కేంద్ర పరికరమును నేర్చుకొను స్థితిలో ఉంచి, సైరను బ్యాటరీకి అడ్డముగా నున్న ప్లాస్టిక్ పట్టీని లాగివేసి, దానిలోని చిన్న మీటను నొక్కినచో రెండును ఒకదాని నొకటి గుర్తించును. దీపము మినుకుమినుకుమనుట పరిచయము అయినదనుటకు గుర్తు. మీట ఎన్ని క్షణములు నొక్కవలెను, దీపము ఎన్నిసార్లు వెలుగవలెను అన్నవి ఒక్కొక్క తయారీదారునకు ఒక్కొక్క తీరు. పెట్టెతో వచ్చిన పుస్తకమును చూచుకొనవలెను. ఆ పుస్తకమును పాత పేపర్లలో కలిపి అమ్మివేయరాదు.

పరిచయమైన పిమ్మట ఒకరు పెట్టెను అనుకొన్న చోట చేతితో పట్టుకొనవలెను, లేదా కర్రకు కట్టి ఆనించవలెను. మరియొకరు లోపల కేంద్ర పరికరముమీద సంకేతబలమును చూడవలెను. ఆ సమయమున గది తలుపులన్నియు మూసియుండవలెను, ఎందుకనగా దొంగలు వచ్చునప్పుడు అవి మూసియే యుండును. బలము చాలనియెడల ఒక మూర పక్కకు జరిపి చూచినను ఎంతో మార్పు కనబడును. రేడియో ఏరియలును అటునిటు జరిపి స్టేషను పట్టుకొనిన అనుభవము ఇక్కడ అక్కరకు వచ్చును.

మన బంధువులు అమెరికానుండి వచ్చునప్పుడు ఇట్టి సామాను తెచ్చియిచ్చుట వాడుకలో నున్నది. తీసికొనుటకు ముందు ఒక్కమాట అడుగవలెను. మన దేశమున 865 నుండి 867 మెగాహెర్ట్జుల పట్టీని అల్పశక్తి పరికరములు లైసెన్సు లేకుండ వాడుకొనుటకు 2005లో అనుమతి లభించినది. అమెరికాలో 915 మెగాహెర్ట్జుల పరిసరములలో పనిచేయు సామాను చాల కలదు. ఇక్కడ ఆ పరిసరములు మొబైలు ఫోనులవి. ఆ సైరను మంచిదే కావచ్చును, మన గోడకు తగినది కాదు.

సంకేతము అందు చోట్లలో ఇక ధ్వనికి, భద్రతకు తగిన చోటు ఎన్నుకొనవలెను. నిచ్చెన లేనిదే చేయి అందకుండ, సుమారు మూడు మీటర్ల ఎత్తున ఉండుట మేలు. క్రింద పిట్టగోడగాని, పంపుగొట్టముగాని, మామిడికొమ్మగాని ఉన్నచో ఆ ఎత్తు ఎత్తు కాదు. వీధికి కనబడవలెను. ఎందుకనగా పెట్టెను చూచియే వెనుదిరుగువాడు కొంతమంది దొంగలలో ఉండును. పడమటి ఎండ నేరుగా పడని చోటు, సన్‌షేడు క్రింద, ఉత్తమము. వానకు ఓర్చు శక్తిని పెట్టెమీద ఐ.పి. అను అక్షరముల ప్రక్కన రెండంకెలు తెలుపును. మొదటి అంకె ధూళికి, రెండవది నీటికి. 65 అని యున్నచో దుమ్ము చొరదని, నీటిధార కొట్టినను ఓర్చుననియు అర్థము.

ధ్వనిని గురించి కొంచెము లెక్క తెలిసికొనుట అవసరము. అట్టపెట్టెమీద వ్రాసిన డెసిబెల్లులు సాధారణముగ ఒక మీటరు దూరమున కొలిచినవి. బయలులో దూరము రెట్టింపైనకొలది ఆరు డెసిబెల్లులు తగ్గును. 104 అని వ్రాసిన సైరను రెండు మీటర్లకు 98, నాలుగింటికి 92, ఎనిమిదింటికి 86, పదునారింటికి 80, ముప్పదిరెండింటికి 74. అనగా నాలుగైదు ఇండ్ల అవతల కిటికీలు మూసికొని, ఫ్యాను వేసికొని నిద్రించువారి చెవికి అది ఎక్కడో మ్రోగు హారనువలె వినబడును. కావున సైరనును ఏ వైపునకు త్రిప్పి పెట్టుచున్నామన్నది ముఖ్యము. నమ్మదగిన పొరుగువారి పడకగది ఏ దిక్కున ఉన్నదో ఆ దిక్కునకు దాని నోరు ఉండవలెను. ఎవరును కాపురములేని ఖాళీస్థలమునకు ఎదురుగా సైరను పెట్టిన ఇండ్లు నేను చూచితిని. ఈ సైరన్ల స్వరము రెండువేలనుండి నాలుగువేల హెర్ట్జుల మధ్య ఉండుట యాదృచ్ఛికము కాదు. మనుష్యుని చెవి అధికముగా గ్రహించునది ఆ ప్రాంతపు స్వరములనే.

అందువలననే బిగించువారు జాగ్రత్తపడవలెను. నిచ్చెనమీద నిలిచి, ముఖమునకు మూరెడు దూరమున సైరను హఠాత్తుగా అరచినచో చెవికి దెబ్బ, మనిషి ఉలికిపడి పడిపోవుటయు సంభవించును. పెట్టెను విప్పినను, గోడనుండి ఊడదీసినను అరచుటకు లోపల రెండు చిన్న మీటలు ఉండును. నిచ్చెన ఎక్కకముందే కేంద్ర పరికరమును పరీక్షాస్థితిలో ఉంచి, అవి పలుకకుండ చేయవలెను. చెవులలో దూది పెట్టుకొనుట చాలదు. మిల్లులలో వాడు చెవిమూతలు మేలు.

రంధ్రములు వేయుటకుముందు గోడలో విద్యుత్తు తీగ పోవుచున్నదేమో చూచుకొనవలెను. స్విచ్చిబోర్డునకు, బయటి దీపమునకు తిన్నగా పైన, క్రింద రంధ్రము వేయరాదు. వెనుక పలకను రసమట్టముతో సరిచూచి, గుర్తుపెట్టి, రంధ్రములు వేసి, ప్లాస్టిక్ ప్లగ్గులు దిగగొట్టి స్క్రూలు బిగించవలెను. విశాఖపట్టణమువంటి సముద్రతీర పట్టణములలో మామూలు ఇనుప స్క్రూ త్వరలోనే తుప్పుపట్టి ఎఱ్ఱచారను గోడమీద దించును. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే వాడవలెను.

ఇక్కడ ఒక చిన్న చిక్కు కలదు. వెనుక పలకలోని మీట గోడకు ఆని నొక్కబడి ఉండవలెను. మన ఇండ్ల వెలుపలి గోడలు నున్నగా ఉండవు. గరుకుపూత పల్లములో మీట పడినచో, గాలికి పెట్టె కొంచెము కదలినను ఊడదీసినారని భ్రమించి సైరను కేకలు పెట్టును. మీట తాకు చోట ఒక చదునైన బిళ్ల నుంచి, లేదా అంతవరకు పూత నున్నచేసి ఈ బాధ తప్పించుకొనవచ్చును. పిమ్మట పెట్టె పైఅంచును, ప్రక్కలను నీరు దిగకుండ మూసివేయవలెను గాని, క్రింది అంచును మూయరాదు. లోపలికి చేరిన చెమ్మ పోవుటకు అక్కడ దారి ఉండవలెను. వానకు భయపడి అన్ని వైపుల మూసిన పెట్టెలోనే ముందుగా నీరు నిలుచును.

బ్యాటరీ సంగతి. లిథియం బ్యాటరీలు మన ఎండకు మామూలువాటికంటె బాగుగ ఓర్చును. అయినను రాయలసీమ వేసవిలో పడమటి గోడమీది పెట్టె లోపల వేడికి ఏ బ్యాటరీయైనను పుస్తకములో చెప్పినంత కాలము నిలుచునని నమ్మరాదు. పాతవి, కొత్తవి కలిపి వేయరాదు. వేసిన తేదీని చిన్న కాగితముపై వ్రాసి పెట్టెలోపల అంటించుట మంచిది. కొన్న సైరను ఒకవైపు మాటలాడునదా, రెండువైపుల మాటలాడునదా అన్నది కొనునప్పుడే అడుగవలెను. చవుక రకము సైరను వినునేగాని బదులు చెప్పదు. దాని బ్యాటరీ అయిపోయినను, ఎవడైన దానిని ఎత్తుకొనిపోయినను ఇంటిలోని పరికరమునకు తెలియదు. రెండవ రకము వేళకువేళకు "నేనున్నాను, నా బ్యాటరీ ఇంత ఉన్నది" అని సంకేతము పంపుచుండును. అది రాకపోయినచో కేంద్ర పరికరము మనలను హెచ్చరించును. ఈ ఒక్క గుణమునకై కొంత ఎక్కువ ధర ఇచ్చుట న్యాయము. అట్లే, ఎల్లప్పుడు ఒకే సంకేతమును పంపు పాత రకములను విని, ఆ సంకేతమును అనుకరించుట కష్టము కాదు. ప్రతిసారియు సంకేతము మారు రకమును కోరవలెను. ఇంటర్నెట్ పెట్టెద్వారా మాత్రమే ఆజ్ఞ అందుకొను సైరన్లు కొన్ని కలవు. కరెంటు పోయి ఆ పెట్టె ఆరిపోయినచో అవి మూగవగును.

ఇక ఏర్పాట్లు. మనము తలుపు తీసి లోపలికి వచ్చి ఆపివేయుటకు ముప్పది క్షణములైనను గడువు ఉండవలెను. ఇంటిలో ముసలివారున్నచో ఇంకను కొంచెము. మొదటి వారములో మ్రోగు వృథా మ్రోతలలో చాలభాగము ఈ గడువు చాలకనే. మ్రోగు కాలము మూడు నిమిషములకు తగ్గరాదు, పది నిమిషములకు మించుట పొరుగువారికి శిక్ష. బ్రిటనులో 1982లో వెలువడిన నియమావళి ఇరువది నిమిషములలో సైరను తనంత తాను ఆగవలెనని చెప్పినది. మన దేశపు 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నిబంధనలు నివాసప్రాంతమునకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్లుల పరిమితి విధించినవి. సైరను ధ్వని దానికి ఎంత దూరమో పై లెక్కయే చెప్పుచున్నది. తాళము వేసినప్పుడెల్ల కూత కూయు ఏర్పాటును రాత్రివేళ తీసివేయవలెను. ప్రతిదినము వినిన కూతకు వీధి అలవాటుపడిపోవును.

కదలికను కనిపెట్టు పరికరమును గురించియు చెప్పక తప్పదు, నిందపడునది సైరనే అయినను. అది దేహముల వేడిని, ఆ వేడి కదలుటను చూచును. బల్లి చల్లని దేహముదే. కాని అది పరికరపు కంటిమీదనే ప్రాకినచో పర్వతమంత కనబడును. సాలెపురుగును అంతే. దీపముదగ్గర పురుగులకై బల్లులు చేరు చోట ఈ పరికరము పెట్టరాదు. ఎండ పడు కిటికీకి ఎదురుగాను, గాలికి ఊగు కర్టెనుకు ఎదురుగాను పెట్టరాదు. మే నెలలో గది వేడి మనుష్యదేహపు వేడిని సమీపించినప్పుడు దానికి మనిషి సరిగా కనబడకపోవుటయు కలదు. కావున వెనుక తలుపునకు అయస్కాంతపు మీట తప్పక ఉండవలెను. ఒక పరికరమే కాక రెండు పరికరములు కొద్ది కాలములో సంచలనము తెలిపిననే వెలుపలి సైరను మ్రోగునట్లు ఏర్పాటు చేసికొనుటకు కొన్ని రకములలో వీలున్నది. మాకు ఇప్పుడు అట్లే ఉన్నది.

నెలకొకసారి పరీక్ష చేయవలెను. పగటివేళ, పొరుగువారికి ముందుగా చెప్పి, కొన్ని క్షణములు మాత్రము మ్రోగించవలెను. ఒకరు వీధిచివర నిలిచి వినవలెను. వీలైనచో పక్కింటివారి అనుమతితో వారి పడకగదిలో కిటికీలు మూసి, ఫ్యాను వేసి వినిచూడవలెను. వానాకాలము ముందొకసారి, తరువాత ఒకసారి పెట్టె చుట్టు చూచి, ధ్వని వచ్చు రంధ్రములలో కందిరీగలు గూడు కట్టినవేమో, చీమలు చేరినవేమో తుడువవలెను. తుడుచుటకు ముందు పరీక్షాస్థితి సంగతి మరువరాదు.

ఊరికి పోవునప్పుడు పొరుగువారికి ఒక కాగితము ఇచ్చిపోవుడు. దానిమీద మీ ఫోను సంఖ్య, దగ్గరలోని మరియొక బంధువు సంఖ్య, అత్యవసర సంఖ్య 112 వ్రాయుడు. సైరను మ్రోగినచో వారు మీ ఇంటిలోపలికి పోరాదని స్పష్టముగ చెప్పుడు. తమ ఇంటి దీపము వెలిగించి, కిటికీనుండి చూచి, మరియొకరిని పిలిచి, ఫోను చేసిన చాలును. దీపము వెలుగుటయే లోపలివానికి సగము భయము.

మేము బల్లిని వసారానుండి పంపివేసి, ఆ పరికరమును వేరొక గోడకు మార్చిన తరువాత, నేను మాస్టారింటికి పోయి ఈ సంగతి చెప్పితిని. రెండు నెలలు వృథాగా మ్రోగలేదు. ఉగాదికి ముందు పరీక్షకై మ్రోగింతునని వీధిలో అందరికి చెప్పి, ఆయనకు చెప్పుట మరచితిని. మీట నొక్కిన అర నిమిషములో మాస్టారు చేతికర్రతో, ఆయన వెనుక వారి మనుమడు ఫోనుతో, మా గేటు దగ్గర నిలిచియుండిరి.